ఎవరూ చెప్పని వాసన

మొదటిసారి బ్రష్ మీద నెత్తురు కనిపించింది అమ్మ బతికి ఉన్నప్పుడే. మా గదిలో ఒక మూల స్నానానికీ గిన్నెలు తోముకోవడానికీ చిన్న గట్టు కట్టి ఉంటుంది, దాన్ని మోరీ అంటాం. అక్కడ వంగి ఉమ్మితే తెల్లటి నురగలో ఎర్రటి చార కనిపించింది. మంచం మీద నుంచి అమ్మ చూసింది.

"గట్టిగ తోమకు బిడ్డా. ఇగుర్లు లేతగుంటయి. ఇంత మశేరి రాస్కో, తగ్గుతది" అంది.

పొగాకును పెనం మీద నల్లగా మాడేదాకా వేయించి, నలిపి పొడి చేస్తే అది మశేరి. ముంబై కామాటిపురాలో, గదికో కుటుంబం ఉండే మా తెలుగు చాళ్లలో, అమ్మ వయసు ఆడవాళ్లు చాలామంది దానితోనే పళ్లు రుద్దుకునేవారు. పక్కింటి మరాఠీవాళ్ల దగ్గర నేర్చుకున్న అలవాటు. అమ్మ ఒక రేకు డబ్బాలో పోసి తలగడ పక్కనే పెట్టుకునేది. నేనూ రాసుకున్నాను. చిగురు మొద్దుబారింది, కాసేపు తల తేలిపోయినట్టు హాయిగా ఉంది. నెత్తురు వచ్చే వైపు బ్రష్ పెట్టడం మానేశాను. పుండును కెలకకపోతే మానినట్టు ఇదీ మానుతుందనుకున్నాను.

అమ్మ పక్షవాతంతో ఏళ్ల తరబడి మంచాన ఉంది. నాకు తోబుట్టువులు లేరు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. పెళ్లి మాటలు నడిచే వయసులో అమ్మ పడిపోవడంతో ఆ మాటలూ ఆగిపోయాయి. పొద్దున అమ్మకు నీళ్లు పోసి, తిండి పెట్టి, పక్కింటివాళ్లకు అప్పజెప్పి బడికి వెళ్లేదాన్ని. నేను మునిసిపాలిటీ వారి తెలుగు బడిలో టీచర్ని. ఒకప్పుడు ఆ బడిలో కూర్చోవడానికి చోటు చాలేది కాదు. ఇప్పుడు మా చాళ్ల పిల్లలు ఇంగ్లీషు బడులకు పోతున్నారు. ఇంట్లో కూడా హిందీలోనో మరాఠీలోనో మాట్లాడుకుంటున్నారు. మాకు మిగిలింది పాలమూరు నుంచి కూలికి వచ్చినవాళ్ల పిల్లలు మాత్రమే.

ఒక వానాకాలం అమ్మ పోయింది. దినవారాలు అయ్యేదాకా గది నిండా జనం ఉన్నారు. ఆ తరువాత ఒక్కొక్కరే రావడం తగ్గించారు. సాయంత్రాలు వరండాలో చాపలు వేసుకుని కూర్చునే ఆడవాళ్ల పక్కకు నేను చేరితే, కాసేపటికి ఒకామెకు పాలు పొంగుతున్నాయని గుర్తొచ్చేది, ఇంకొకామెకు మనవడు ఏడుస్తున్నట్టు వినిపించేది. వాళ్లు వచ్చింది అమ్మ కోసమే తప్ప నా కోసం కాదని అనుకున్నాను. బడిలో నాతో పాటు పనిచేసే టీచరమ్మ, ఎన్నో ఏళ్లుగా నా డబ్బాలో కూర తను, తన డబ్బాలో కూర నేను పంచుకున్న మనిషి, ఒకరోజు తన కుర్చీ కిటికీ దగ్గరకు జరుపుకుంది. గాలి కోసం అంది. ముంబై ఉక్కలో అది నమ్మదగ్గ మాటే. పలకలు దిద్దేటప్పుడు పిల్లలు ముక్కు మీద చెయ్యి పెట్టుకుంటే సుద్దపొడి అనుకున్నాను.

చావు జరిగిన ఇంటి మనిషికి లోకం కొంచెం ఎడంగా ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. అలా కొన్నేళ్లు గడిచాయి. మెల్లగా నేనే ఎవరి పక్కనా కూర్చోవడం మానేశాను. బడి నుంచి వచ్చి తలుపు దగ్గరగా వేసుకుని, టీవీ పెట్టుకుని, అన్నం తినేదాన్ని. ఆ మధ్య అన్నం కూడా ఎడమవైపే నమిలేదాన్ని. కుడివైపు కింది దవడ పన్ను ఒకటి వేలితో కదిపితే కదులుతోంది.

పక్క గదిలో ఉండేవాళ్లు డోంబివిలీకి మారిపోయాక, దాన్ని పాలమూరు కూలీలకు అద్దెకిచ్చారు. నలుగురైదుగురు మగవాళ్లు, వాళ్లలో ఒకడి భార్య. అందరూ భైకళా వైపు కడుతున్న పెద్ద మేడ పనికి పోయేవాళ్లు. ఆ అమ్మాయికి ముప్పై దాటి ఉంటాయి. ఊళ్లో తన అత్త దగ్గర ఇద్దరు ఆడపిల్లల్ని వదిలి వచ్చింది. పొద్దున్నే నల్లా దగ్గర బిందె పెట్టి నన్ను "అక్కా, నువ్వు ముంగల పట్టుకో, నీకు బడికి టైమైతది" అనేది. అంతకు మించి మా మధ్య మాటలు లేవు.

ఒక ఆదివారం ఆమె వరండాలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నేను తడి బట్టలు ఆరేసి లోపలికి వెళ్లబోతుంటే పిలిచింది.

"అక్కా, జెర గీ ఫోన్ల ఏముందో చూడవా? పిల్లల ఫొటో అస్తలేదు."

పక్కన కూర్చుని ఫోన్ చూసి, ఫొటో ఎలా తెరవాలో చూపించాను. ఇద్దరు పిల్లలు జడలు వేసుకుని గోడ ముందు నిలబడ్డారు. పెద్దది నీ పోలికే అన్నాను. ఆమె నవ్వుతూనే తల పక్కకు తిప్పుకుంది. నేను ఇంకేదో చెబుతున్నాను. ఆమె చేట కింద పెట్టి నా వైపు సూటిగా చూసింది.

"అక్కా, ఒక మాట చెప్త, కోపం జెయ్యకు."

"చెప్పు."

"నీ నోట్లకెల్లి వాసనొస్తుంది. బాగొస్తుంది. పండ్లు చూపిచ్చుకో. మా అత్తకు గిట్లనే ఉండె, చూపిచ్చుకోకపాయె. పండ్లన్ని ఊడిపాయె."

లేచి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని ఊది చూసుకున్నాను. ఏ వాసనా తెలియలేదు. స్టీలు గ్లాసులో ఊది ముక్కు పెట్టాను. ఏమీ తెలియలేదు. అబద్ధం చెప్పిందనుకుని కాసేపు కోపం తెచ్చుకోవాలని చూశాను. ఆ కోపం నిలబడలేదు. పొంగిన పాలు, ఏడ్చిన మనవడు, కిటికీ దగ్గరి కుర్చీ, పిల్లల చేతులు ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఇన్నేళ్లు నేను అనుకున్నదొకటి, జరిగిందొకటి. వాళ్లందరికీ తెలుసు. వాళ్లలో వాళ్లు అనుకునే ఉంటారు. తెలియనిది నాకొక్కదానికే. మోరీ గట్టు మీద కూర్చుని, బట్టలు తడుస్తున్నా లేవకుండా చాలాసేపు ఏడ్చాను.

మరునాడు నల్లా దగ్గర ఆమె క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు.

"ఇయ్యాల మాకు పని బంద్ ఉంది. క్రేన్ ఖరాబైంది. పోదాం పా దవాఖానకు" అంది.

బడికి సెలవు చెప్పాను. ఇద్దరం ఫాక్‌లాండ్ రోడ్ మీదుగా నడిచి సర్కారు పళ్ల ఆసుపత్రికి వెళ్లాం. దారిలో ఆమె మాట్లాడుతూనే ఉంది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటూ నడిచాను. బెంచీ మీద నా పక్కనే, భుజం తగిలేలా కూర్చుంది. నేను జరిగితే తనూ జరిగింది.

నన్ను చూసింది ఇంకా పళ్ల డాక్టరు చదువు చదువుతున్న మరాఠీ అమ్మాయి. నన్ను "మావ్శీ" అని పిలిచింది, పిన్నీ అన్నట్టు. సన్నటి కడ్డీ ఒకటి తీసుకుని పన్నుకూ చిగురుకూ మధ్య మెల్లగా దించుతూ, ఒక్కో పన్ను దగ్గర అది ఎంత లోతుకు దిగిందో అంకె చెబుతుంటే ఇంకో అమ్మాయి రాసుకుంది. మొదట్లో చిన్న అంకెలు వచ్చాయి. వెనక పళ్లకు వచ్చేసరికి అంకెలు పెరిగాయి. తరువాత ఎక్స్‌రే తీయించి, తెర మీద చూపిస్తూ మరాఠీలో చెప్పింది.

"మావ్శీ, చిగురు పన్నుకు అతుక్కుని ఉండాలి. మీకు చాలా చోట్ల విడిపోయింది. విడిపోయిన చోట సంచిలాగా అయింది. ఆ సంచిలో గార పేరుకుని గట్టిపడింది. వాసన అక్కడి నుంచే. ఇదిగో, పన్నును పట్టుకునే ఎముక కూడా ఇక్కడ తగ్గింది. నెత్తురు ఎప్పటి నుంచి వస్తోంది?"

"చాలా ఏళ్ల నుంచి."

"నెత్తురొస్తే తోమడం మానేశారా?"

తల ఊపాను.

"అందరూ అలాగే చేస్తారు. నెత్తురొస్తే ఇంకా మెత్తగా, ఇంకా శుభ్రంగా తోమాలి. అప్పుడే వచ్చి ఉంటే ఊరికే పైపైన శుభ్రం చేస్తే సరిపోయేది. ఇప్పుడు చిగురు కిందికి దిగి, పంటి వేరు దాకా గీకి తీయాలి. మత్తు ఇచ్చి ఒక వైపు ఒకసారి, ఇంకో వైపు ఇంకోసారి చేస్తాను. ఆ కదిలే పన్ను మాత్రం నిలవదు. మశేరి వాడతారా?"

"వాడతాను."

"అది మానకపోతే నేను చేసేదంతా వృథా అవుతుంది." కాగితం మీద షుగర్ పరీక్ష కూడా రాసింది. షుగర్ ఉంటే చిగుళ్లు త్వరగా మానవట. నాకు లేదని తరువాత తేలింది. ఆఖరున, "ఇంట్లో ఎవరెవరు ఉంటారు మావ్శీ? మొదటి రోజు ఎవరైనా వంట చేసిపెడితే మంచిది" అంది.

"ఎవరూ లేరు" అన్నాను. తలుపు దగ్గర నిలబడ్డ పక్కింటి అమ్మాయికి మరాఠీ రాదు. ఏమడిగిందని నన్ను అడిగితే, ఏం లేదన్నాను.

డీప్ క్లీనింగ్ మొదలైన రోజు నేనొక్కదాన్నే వెళ్లాను. క్రేన్ బాగైపోయింది, ఆమెకు పని ఉంది. మత్తు సూది గుచ్చినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి కుడి పెదవి, చెంప నావి కానట్టు అయ్యాయి. నీళ్లు చిమ్మే యంత్రంతో మొదలుపెట్టింది. సన్నగా కీచుమని ఆ చప్పుడు చెవిలోంచి కాకుండా ఎముకలోంచి వినిపించింది. తరువాత కొక్కెం లాంటి పనిముట్లతో చిగురు కింద గీకింది. గరగరమని, మాడిన గిన్నె అడుగు చెంచాతో గీకుతున్నట్టు. తీసిన గార దూదిగుడ్డకు తుడిచినప్పుడు చూశాను, నల్లటి ఇసుక రేణువుల్లా ఉంది.

పని చేస్తున్నంతసేపు ఆ అమ్మాయి ఎడమ చేయి నా గడ్డం కిందే ఉంది. నా తల ఆమె పొట్టకు ఆనుకుని ఉంది. తలను కొంచెం తిప్పాలంటే, నా చెంప మీద అరచేయి వేసి తనే తిప్పేది. మత్తు లేని వైపు ఆ చేయి వెచ్చగా తెలిసింది. అమ్మ పోయాక నా ముఖాన్ని ఇంకొకరు ముట్టుకోవడం అదే మొదలని నాకు అప్పుడు తట్టింది. అమ్మకు కూడా చివరి ఏళ్లలో చేయి లేచేది కాదు. కళ్ల పక్క నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతుంటే ఆమె యంత్రం ఆపింది.

"నొప్పిగా ఉందా మావ్శీ? ఇంకొంచెం మత్తు ఇవ్వనా?"

కాదని తల ఊపాను. నోరు తెరిచి ఉంది కాబట్టి చెప్పాల్సిన అవసరం తప్పింది. ఆమె దూదితో నా కళ్లు తుడిచి మళ్లీ పని మొదలుపెట్టింది. ఆ పని తొందరగా అయిపోకూడదని కోరుకున్నాను.

ఆ రోజు ఫోరస్ రోడ్ మీద నడుస్తుంటే ఎవరో నా ముఖంలో సగం తీసేసుకున్నట్టు ఉంది. చాయ్ తాగితే పెదవి చివర నుంచి కారి చీర మీద పడింది. సాయంత్రం పక్కింటి అమ్మాయి పని నుంచి సిమెంటు దుమ్ముతోనే వచ్చి, పిలవకుండానే లోపలికొచ్చి, జొన్న అంబలి కాచింది.

"సల్లారినంక తాగు. వేడి వేడిగ తాగకు. ఉప్పు నీళ్లు పుక్కిలిచ్చినవా?"

"పుక్కిలించాను."

"ఏది, నోరు తెరు." సెల్‌ఫోన్ లైటు వేసి చూసి, "మస్తు గీకింది పిల్ల. మంచిగనే చేసింది" అంది.

రెండో వైపు కూడా అయింది. కదిలే పన్ను పీకేశారు. మశేరి మానడం మాత్రం వీటన్నిటికన్నా కష్టమైంది. పొద్దున లేవగానే చేయి దానంతట అదే తలగడ పక్కకు పోయేది. తల దిమ్మెక్కేది, పిల్లల మీద చిరాకు పడేదాన్ని. అయినా ఆ డబ్బా పారేయకుండా నన్ను ఆపింది ఆ దిమ్ము కాదు. అమ్మ చీరలు ఎప్పుడో పంచేశాను. ఆమె మంచం కూడా ఇచ్చేశాను. అమ్మ వాసన మిగిలింది ఆ డబ్బాలోనే. మూత తీస్తే ఆమె నా పక్కనే పడుకున్నట్టు ఉండేది. ఆ డబ్బాను మోరీలో ఒలకబోసి, నీళ్లు పోసి, వేళ్లతో రుద్ది కడిగిన రోజు నాకు అమ్మను రెండోసారి సాగనంపినట్టు అనిపించింది. ఆ పని చేసేటప్పుడు పక్కింటి అమ్మాయిని కూడా పిలవలేదు.

కొన్ని వారాలకు నెత్తురు ఆగింది. వాపు తగ్గిన చిగుళ్లు వెనక్కి ముడుచుకున్నాయి. అద్దంలో చూసుకుంటే పళ్లు పొడుగ్గా, మధ్యమధ్య నల్లటి సందులతో కనిపించాయి. నా నోరు ఒక్కసారిగా ముసలిదైపోయినట్టు ఉంది. చల్లటి నీళ్లు తాగితే జివ్వుమనేది. డాక్టరమ్మాయికి చెబితే, "పోయిన ఎముక తిరిగి రాదు మావ్శీ. ఉన్నది పోకుండా చూసుకుందాం" అని, పళ్ల సందుల్లో తోమడానికి సీసా కడిగే బ్రష్ లాంటిది, అగ్గిపుల్లంత సన్నటిది, ఇచ్చి నేర్పింది. మళ్లీ కడ్డీ పెట్టి అంకెలు చెప్పింది. ఈసారి అంకెలు చిన్నవి. తన సారుకు చూపించవచ్చా అని అడిగి పిలుచుకొచ్చింది. ఆయన నా నోట్లోకి చూసి ఆమెను మెచ్చుకున్నాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. మూడు నెలలకోసారి తప్పకుండా వచ్చి శుభ్రం చేయించుకోవాలని చెప్పి పంపారు.

ఆ వారమే బడిలో మధ్యాహ్నం అన్నం వేళ, నా కుర్చీ తీసుకెళ్లి కిటికీ దగ్గర మా టీచరమ్మ పక్కన వేసుకున్నాను. ఆమె జరగలేదు.

"నా నోరు వాసన వచ్చేది కదా. నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

ఆమె చేతిలో చపాతీ ముక్క అలాగే ఉంది.

"ఎట్ల చెప్తం టీచర్? అమ్మ పోయిన దుఃఖంల ఉంటివి. గా టైంల ఈ మాట గూడ చెప్పాల్నా అనిపిచ్చింది."

"తరువాత చెప్పొచ్చు కదా."

"తర్వాత నువ్వే దూరం కూసునుడు షురూ చేసినవ్. మాట్లాడకపోతివి. నువ్వే మమ్మల్ని వద్దనుకున్నవేమో అనుకున్న." కళ్లు తుడుచుకుని తన డబ్బా నా వైపు జరిపింది. నేను కూర వేసుకున్నాను. ఆమె మంచి మనిషే. నేనైనా ఆమెకు చెప్పి ఉండేదాన్ని కాదేమో. ఆ తరువాత రోజూ కలిసే తింటున్నాం, కానీ ఒకప్పుడు ఒకరి మాటకు ఒకరం అడ్డం పడుతూ మాట్లాడుకున్నట్టు ఇప్పుడు రావడం లేదు. ఇద్దరం జాగ్రత్తగా మాట్లాడుతున్నాం.

వానలు మొదలవకముందే పక్క గదివాళ్ల పని అయిపోయింది. మేస్త్రీ వాళ్లను పన్వేల్ అవతల ఇంకో కట్టడానికి తీసుకుపోతున్నాడు. వెళ్లేరోజు పొద్దున ఆమె సామాను మూట కట్టి, చెప్పడానికి వచ్చింది.

"పోయొస్త అక్కా."

నేను ఆమెను కూర్చోబెట్టి, ఎదురుగా దగ్గరగా కూర్చున్నాను. "ఒక్కసారి చూసి చెప్పు. ఇంకా ఉందా?"

ఆమె సిగ్గుపడలేదు, నవ్వలేదు. నా ముఖం దగ్గరకు ముఖం తెచ్చి, నన్ను ఊదమని, మెల్లగా గాలి పీల్చింది.

"లేదక్కా. ఏం లేదు" అంది. నా చెయ్యి నొక్కి లేచింది. కింద టెంపో హారన్ కొడుతోంది. మెట్ల మీద బిందె గోడకు తగిలిన చప్పుడు వినిపించింది. వరండా కటకటాల మీద నుంచి వంగి చూస్తే మూటల మధ్య కూర్చుని పైకి చూసింది. చెయ్యి ఊపాను. ఆమెకు సొంత ఫోన్ లేదు, అది భర్తది. కొన్నాళ్లు ఆదివారాలు చేసి మాట్లాడాను. తరువాత ఆ నంబరు పలకడం మానేసింది.

ఇప్పుడు పక్క గదిలో బ్యాగులు కుట్టే కుర్రాళ్లు ఉంటున్నారు. వాళ్ల భాష వేరు, వేళలు వేరు.

బడిలో పిల్లల తల్లులు వచ్చినప్పుడు చిగుళ్ల సంగతి చెబుతున్నాను. నెత్తురు చిన్న విషయం కాదు, వాసన వస్తే దాచుకోవద్దు, మశేరి మానండి అని. కొందరు వింటారు. కొందరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటారు. ఒక పిల్ల అమ్మమ్మ, కాళ్లు గుంజుతున్నా రోజూ మనవరాలిని దింపడానికి వచ్చే ఆమె, ఒకరోజు వెనక ఉండిపోయి తన చిగుళ్లు తెరిచి చూపించింది. నావి ఎలా ఉండేవో అలా ఉన్నాయి.

"నాతోని రా అవ్వా. సోమవారం నేను పోతున్న" అన్నాను. సరేనంది.

సోమవారం బడి గేటు దగ్గర ఆమె కోసం చాలాసేపు చూశాను. రాలేదు. మనవరాలిని అడిగితే, "అవ్వకు భయమైతుందంట టీచర్" అని చెప్పింది. సాయంత్రం వాళ్లింటికి వస్తానని చెప్పమని, ఆసుపత్రికి నేనొక్కదాన్నే వెళ్లాను.

నాకు చేసిన డాక్టరమ్మాయి చదువు పూర్తయి ఎక్కడికో వెళ్లిపోయింది. కొత్తగా వచ్చిన అబ్బాయి నా చీటీ చదివి, ముసుగు కట్టుకుని, పళ్లన్నీ వరసగా చూసి, బాగా ఉంచుకున్నారు అన్నాడు. పైపైన శుభ్రం చేశాడు. నెత్తురు రాలేదు. నీళ్లు పుక్కిలించి లేచి, నాగ్‌పాడా బజారులో కొన్ని బత్తాయిలు కొనుక్కుని, ఆ అవ్వ ఉండే గల్లీ ఏదో అడుగుతూ నడిచాను.